భావనపాడు గాజుతొట్టిలో కొండచిలువ

భావనపాడుకు నేను మొదట వెళ్లింది సముద్రం కోసం, రెండోసారి చేపల పులుసు కోసం. మూడోసారి మాత్రం ఒక పాము కోసం వెళ్లాల్సి వచ్చింది. తీరానికి దగ్గర్లో తవిటినాయుడు గారు ఒక భోజన హోటల్ నడుపుతారు. రెండోసారి అక్కడ తింటున్నప్పుడు కౌంటరు పక్కన చేపలు పెంచే గాజుతొట్టి కనిపించింది. అందులో నీళ్లు లేవు, చేపలూ లేవు. పాత పేపరు మీద ఒక బాల్ పైథాన్ చుట్టుకుని పడి ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన చిన్న జాతి కొండచిలువ అది. విషం ఉండదు, భయం వేస్తే బంతిలా ముడుచుకుంటుంది. తొట్టి మీద రాత్రీ పగలూ వెలిగే పెద్ద బల్బు, లోపల స్టీలు గిన్నెలో పాలు. నేను గజపతినగరంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను కాబట్టి ఊరుకోలేకపోయాను. దానికి కావాల్సింది పాలు కాదు నీళ్లని, దాక్కునే చోటు లేకపోతే బెదురుతో తిండి మానేస్తుందని చెప్పాను. "మా మేనల్లుడు కొని తెచ్చి, బెంగుళూరు ఎల్తా నాకు ఒగ్గీసినాడు మేడం. దీన్ని సూడ్డానికే జనం ఆగుతారు. దానికేటి, బాగానే ఉన్నాది" అన్నారు నాయుడు గారు. వచ్చేస్తుంటే ఆయన భార్య రమణమ్మ గారు వంటింట్లోంచి వెనకాలే వచ్చి, పాముకేమైనా అయితే అడగడానికని నా ఫోన్ నంబరు రాసుకున్నారు.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం ఆవిడ ఫోన్ చేశారు. "మేడం, పాము కదలట్నేదు. కళ్లు తెల్లగైపోనాయి. ఈయన రేపు పట్టుకెళ్లి సరుగుడు తోటలో ఒగ్గేస్తానంతన్నాడు. మీరొస్తారేటి?" ఈ నేలది కాని పాము, పైగా చూపు లేనిది. తోటలో వదిలితే కుక్కల నోటికో, ఎవరి కర్రకో పోతుంది. నేను వచ్చేదాకా ఎలాగైనా ఆపమని బతిమాలాను. వెంటనే శ్రీకాకుళంలో పశువుల డాక్టరైన నా స్నేహితురాలు సునీతకు ఫోన్ చేశాను. తను అటవీశాఖ రేంజి ఆఫీసులో విషయం చెప్పింది. పాముకు రిజిస్ట్రేషన్ కాగితాలు లేవు కాబట్టి యజమాని రాసిచ్చిన ఉత్తరంతో తీసుకురమ్మని, ఈలోగా వైద్యం చేయమని వాళ్లు చెప్పారట.

మర్నాడు రెండో శనివారం, కాలేజీకి సెలవు. పొద్దున్న ఆరింటికి గజపతినగరంలో బస్సెక్కితే ఏడింటికి విజయనగరం, అక్కడ బస్సు మారితే తొమ్మిదింటికి శ్రీకాకుళం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఈ బస్సుల్లో టికెట్ ఉచితం. సునీత ఆర్టీసీ కాంప్లెక్సులో సిద్ధంగా ఉంది. చేతిలో గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ పెట్టె, సంచిలో తువ్వాళ్లు, దిండు గలీబులు, థర్మామీటరు. రెండు ఇడ్లీలు తిని టెక్కలి బస్సెక్కాం. పదిన్నరకు టెక్కలిలో దిగి, షేర్ ఆటోలో పెట్టెతో ఇరుక్కోలేక నాలుగు వందలకు ఒక ఆటో మాట్లాడుకున్నాం.

నౌపడ దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఉప్పు మడులు, మధ్యలో కుప్పలు పోసిన తెల్లటి ఉప్పు. ఎండకు కళ్లు తెరవలేకపోయాం. డ్రైవరు ఆసిరయ్య అద్దంలోంచి పెట్టె వంక చూసి, "అందులో ఏటున్నాదమ్మా?" అని అడిగాడు. ఇప్పుడు ఖాళీయే, వచ్చేటప్పుడు పాము ఉంటుందని సునీత చెప్పింది. "అయితే ఎల్లీటప్పటికే నాను. వచ్చీటప్పుడు ఇంకో ఆటో సూసుకోండి" అన్నాడు.

హోటల్ చేరేసరికి పదకొండున్నర. రమణమ్మ గారు తొట్టికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నాయుడు గారు గల్లాపెట్టె దగ్గర ముఖం గంటు పెట్టుకుని ఉన్నారు. "ఒక పాము కోసం ఇంత దూరం వొచ్చినారా? తోటలో ఒగ్గేస్తే దాని బతుకు అది బతకదా?" అన్నారు. సునీత పామును రెండు చేతులతో ఎత్తి ఆయనకు చూపించింది. వీపు మీద బల్బు వేడికి కాలిన మచ్చ. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. విడవాల్సిన కుబుసం ఊడక, ఎండిన జిగురులా పొరలు పొరలుగా ఒంటికి అంటుకుపోయింది. కళ్ల మీద కూడా అదే పొర. "దీనికి కళ్లు కనబడట్లేదండీ. తోటలో ఎలా బతుకుతుంది?" అంది. ఆయన పామును అంత దగ్గరగా అదే మొదటిసారి చూశారనుకుంటాను.

వెడల్పాటి బేసిన్‌లో రెండు వేళ్ల లోతు గోరువెచ్చటి నీళ్లు పోసి, వేడి ముప్పై డిగ్రీలు ఉందని చూసుకుని, సునీత పామును అందులో ఉంచింది. ఐదు నిమిషాలు కదలిక లేదు. పోయిందేమో అనుకున్నాను. అప్పుడు నాలుక ఒకసారి బయటికి వచ్చింది. తల మెల్లగా నీటి మీదికి వాలింది. గొంతు కింద చర్మం కదలడం మొదలైంది.

"నీళ్లు తాగతన్నాది" అన్నారు రమణమ్మ గారు. పాము తాగుతూనే ఉంది. ఆవిడ తొట్టిలోని పాల గిన్నెను బయటికి తీశారు. "నాను రోజూ పాలే పోసినాను. పామంటే పాలే గదా అనుకున్నాను. మీరప్పుడే నీళ్లన్నారని ఈయన నాకు సెప్పనేదు."

"మీరు తెలీక పోశారమ్మా. ఫోన్ చేసింది కూడా మీరేగా" అంది సునీత.

అరగంట నానాక తడి తువ్వాలు చుట్టి, పామును అందులోంచి పాకనిచ్చాం. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి తువ్వాలుకు అంటుకుంది. కింద కొత్త చర్మం, నల్లటి మెరుపు మీద బంగారు మచ్చలు. కుడి కంటి పొర తడి దూదికి వచ్చేసింది. ఎడమది రాలేదు. గోటితో లాగితే కన్ను పోతుందని సునీత మళ్లీ నానబెట్టింది. ఈలోగా మేము చేపల పులుసుతో అన్నం తిన్నాం. ప్లేటు నూట ఇరవై, కొసరు అడిగితే కాదనరు.

రెండోసారి తీసినప్పుడు పాముకు కాస్త ఓపిక వచ్చి గింజుకుంది. నేను తోక వైపు పట్టుకున్నాను, సునీత తల వైపు. నడుము పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. నాయుడు గారు రెండడుగులు వెనక్కి వేశారు. రమణమ్మ గారు తడి గుడ్డ చేతిలోకి తీసుకుని ముందుకు వచ్చారు. అన్నాళ్లూ పాల గిన్నెను పట్టకారుతో లోపలికి జరిపిన మనిషి. పట్టు గట్టిగానే ఉంది. సునీత తల వదలగానే పాము ఆవిడ అరచేతిలోని తడి గుడ్డలోకి దూరి ముందుకు పాకింది. తల బయటికి వచ్చేసరికి ఎడమ కంటి పొర గుడ్డలో ఉండిపోయింది. నల్లటి కన్ను, నూనె చుక్కలా. అది తల ఎత్తి చుట్టూ చూసి, ఆవిడ మణికట్టును నాలుకతో తాకింది. భోజనాలు ముగించి చుట్టూ నిలబడ్డ పడవల వాళ్లు చప్పట్లు కొట్టారు.

అప్పుడు నాయుడు గారికి ఆశ పుట్టింది. "బాగైపోనాది గదా. ఇక్కడే ఉండనీండి. నీళ్లెడతాను, బల్బు తీసేస్తాను" అన్నారు. కాలిన చోట పుండుకు మందు వేయాలని, వేడి, తేమ రోజూ కొలవాలని, కాగితాలు లేని పామును ఉంచుకోకూడదని సునీత చెప్పింది. ఆయన ఇంకా ఏదో అనబోయారు.

"నీకు బేరం కావాల, దానికి బతుకు కావాల. ఇన్నాళ్లూ నీకు కావాల్సిందే సేసినాం. రాసీ" అన్నారు రమణమ్మ గారు, కాగితం, పెన్ను ఆయన ముందు పెట్టి. ఆయన పాము వంక చూసి, ఉత్తరం రాసి సంతకం చేశారు. తర్వాత ఎవరూ అడగకుండానే, పామును వేయడానికి గలీబు మూతి తెరిచి పట్టుకున్నారు. మూడున్నరకు మమ్మల్ని టెక్కలి తీసుకెళ్లింది ఆసిరయ్యే. తిరుగు బేరం కోసం బయటే ఆగినవాడు, చప్పట్లు విని లోపలికి వచ్చి, చివరిదాకా నిలబడి చూశాడు. గతుకులు వచ్చినచోటల్లా ఆటో నెమ్మది చేశాడు.

ఆ పాము సునీత దగ్గర కోలుకుని ఐదో వారంలో మొదటి ఎలుకను తింది. పుండు మానాక అటవీశాఖ వాళ్లు దాన్ని జూకి అప్పగించారు. మొన్న నాయుడు దంపతులతో కలిసి వెళ్లి చూశాను. తడి నాచు, దాక్కోవడానికి తొలిచిన చెక్క దుంగ, పక్కన నీళ్ల తొట్టె. ఒళ్లు నిండి, బరువుగా పాకుతోంది. అక్కడి సంరక్షకుడికి రమణమ్మ గారు "ఎడమ కన్ను నా సేతుల్లోనే తెరిసింది" అని చెబుతుంటే నాయుడు గారు పక్కనే నిలబడి తలాడించారు. మొదటిసారి చూసినప్పుడు ఆయన్ను నిర్దయుడని తీర్మానించేసుకున్నాను. ఆ హోటల్లో ఎవరూ ఆ పామును కొట్టలేదు, తిట్టలేదు. పైగా రోజూ పాలు పోశారు. అయినా అది ఎండిపోయి చావబోయింది. నోరు లేని జీవికి ఏం కావాలో అడిగి తెలుసుకోకపోవడం కూడా హింసేనని నాకు అక్కడ తెలిసింది. భయపడుతూనే ఫోన్ చేసిన ఒక మనిషి ఆ హింసను ఆపగలిగింది.

భావనపాడు వైపు గానీ ఇంకెక్కడికి గానీ వెళ్లినప్పుడు హోటల్లోనో రిసార్టులోనో ఇలా బంధించిన పాము కనిపిస్తే, మీరే విడిపించి తోటల్లో వదలకండి. తొట్టిని, పామును, చోటు పేరును ఫోటో తీసి, అదే రోజు దగ్గర్లోని అటవీశాఖ ఆఫీసుకు చెప్పండి.