పాటిదిబ్బ ఊరిదైన రోజు

మొన్న తాడేపల్లిగూడెం నుంచి స్కూలు పిల్లలు బస్సు వేసుకుని మా ఊరి పాటిదిబ్బ చూడడానికి వచ్చారు. పాటిదిబ్బ అంటే తెలుసుగా, ఏనాటిదో ఒక ఊరు మట్టిలో కలిసిపోగా మిగిలిన దిబ్బ. తుమ్మచెట్ల నిండా గూడబాతుల గూళ్ళు, కింద మూరెడేసి పాతకాలపు ఇటుకలు. దీన్ని ఎవరు కాపాడారు మామ్మగారూ అని వాళ్ళ టీచరమ్మ అడిగితే మా పంచాయతీ అన్నాను గానీ, అసలు సంగతి నా ఈడు వాళ్ళతోనే చెప్పుకోవాలి.

రెండువేల తరువాతి ఆ సంవత్సరాలు మీకూ గుర్తుండే ఉంటాయి, కొల్లేటి లోపలి చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టించేసిన రోజులు. మా చెరువూ పోయింది. నలుగురికి పని చెప్పిన మా ఆయన మండవల్లి అవతల ఎవరి చెరువు మీదో మేత వేసే పనికి కుదిరారు. అలాంటప్పుడు ఏలూరులో ఉండే ఆసామి ఒకాయన ఈ దిబ్బనీ, సరస్సు హద్దుకి బయట దాన్ని ఆనుకుని ఉన్న పల్లాన్నీ అమ్మకానికి పెట్టారు. దిబ్బ తవ్వి గట్టు పోసుకుంటే మళ్ళీ సొంత చెరువు. ఉండి అనే ఊరి నుంచి మా ఆయనకి డబ్బు పెట్టే భాగస్థుడు కూడా దొరికారు.

ఆ భూమి మీదే మా పెద్దాడపడుచు కన్నూ పడింది. ఆవిడ అప్పుడు సర్పంచి. పొలాల్లో ఎరువుగా చల్లుకోవడానికి ఏటా బళ్ళకొద్దీ ఆ పాటిమట్టి తోలుకుపోయిన వాళ్ళమే అందరమూ. ఇలాగే తవ్వుకుంటూ పోతే పక్షులకి చెట్టు ఉండదు, మనకంటే ముందు ఇక్కడెవరు బతికారో చెప్పడానికి ఇటుకా మిగలదు అని ఆవిడ పంచాయతీ చేత తీర్మానం చేయించి, ఆఫీసుల చుట్టూ తిరిగి, కొనడానికి అనుమతి తెచ్చింది. సొంత తమ్ముడి నోటికాడి కూడు లాగేస్తోందని నేను ఆవిడతో మాటలు మానేశాను.

ఆసామి ఊళ్ళోనే వేలంపాట పెట్టించారు. మా కొల్లేటి ఊళ్ళలో చేపల హక్కు పాటలకి ఒక కట్టుబాటు ఉండేది, ఊరి కోసం ఊరే పాడితే ఆ పైన ఊరివాడెవడూ పాట పెంచడు. ప్రైవేటు భూమికి ఆ కట్టుబాటు లేదని మా ఆయనకీ తెలుసు. ఊరి మనిషి భాగం లేకుండా ఇక్కడ చెరువు నడవదు కాబట్టి, మా ఆయన ఊఁ అంటే తప్ప ఉండి ఆయన ముందుకి పోరు. చివరికి పాట అక్కాతమ్ముళ్ళ మధ్యకి వచ్చింది. ఆవిడ పంచాయతీ తరఫున పాడి కూర్చుంది. "పెంచండీ, నేనున్నానుగా" అంటున్నారు ఉండి ఆయన. గుంపులోంచి నేను మా ఆయన్ని పెంచమని కళ్ళతోనే బతిమాలాను. పాట చెప్పేవాడు రెండోసారి కూడా అనేశాడు, మూడోసారి అంటే ఖాయమైపోయినట్టే. మా ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచారు. "ఊరు పాడాక మనమేం పాడతామండీ" అన్నారు, అంతే.

ఆయన ఓపిక ఉన్నన్నాళ్ళూ ఒకరి చెరువు మీదే పనిచేసి, సొంత గట్టు మీద నిలబడకుండానే కాలం చేశారు. దిబ్బ దగ్గర నాటిన రాతి మీద మా ఆడపడుచు పేరుంది, ఆవిడకి దక్కాల్సిందే. ఇప్పుడు పాటలు పోయి అన్నీ ఆన్‌లైన్ టెండర్లు అయ్యాయి. ఎవరు ఎక్కువ వేశారో తెలుస్తుంది గానీ, వేయగలిగీ ఆగిపోయిన మనిషెవరో ఎవరికీ తెలియదు. నేను ఆ రోజు ఎదురుగా ఉన్నాను. ఒళ్ళు మండిపోతూనే చూశాను. ఆ మనిషితో కాపరం చేశానని చెప్పుకోవడానికి నాకెంత గర్వమో.