మూడు మౌత్‌పీసులు

శాక్సఫోన్‌పై సొంత నాదం వెతుక్కునే పనిలో నా దగ్గర మూడు మౌత్‌పీసులు చేరాయి. ఒక్కొక్కదాని కొలతలు, దానికి బిగించిన, ఊదితే అదిరే రీడు బద్ద నంబరు నోట్‌బుక్‌లో గడులు గీసి రాసుకున్నాను. చివరి గడి ‘వినగానే నేనని తెలుస్తోందా?’ మూడింటికీ ‘లేదు’ అనే ఉంది.

రాజమహేంద్రవరం నుంచి పెద్దాపురం వెళ్లే బస్సు కిక్కిరిసి ఉంది. దారిలో పెళ్లి బ్యాండు ఎర్రకోటు వేసుకున్న ఒక పెద్దాయన వెనక తలుపులోంచి ఎక్కి నా పక్కన ఇరుక్కున్నారు. ఒళ్లో శాక్సఫోన్, చేతిలో పగిలిన మౌత్‌పీసు.

“గంటలో ఊరేగింపండి. ఇదేమో ఇప్పుడే కింద పడింది.”

మంచివి ఇవ్వడానికి మనసొప్పలేదు. ‘పనికిరాదు’ అని రాసుకున్నదాన్ని సంచిలోంచి తీసి ఇచ్చాను.

“దీని మొన దగ్గర సందు ఎక్కువండి. మీరు ఎంతది వాడతారు?”

“అవన్నీ ఎప్పుడూ చూళ్లేదు బాబూ. గొట్టానికి పడితే చాలు.”

బిగించి, అక్కడే ఒక వరస ఊదారు.

ముందువైపు జనంలో టిక్కెట్లు కొడుతున్న కండక్టరు తల కూడా తిప్పలేదు.

“ఏసురత్నం గారు ఎక్కినట్టున్నారు. టిక్కెట్టు తీసుకోమనండి.”