చైనా రేగుపళ్ళ చారు

తొంభైల మొదట్లో మా అక్కకి రొమ్ములో గడ్డ తీసేసి, గుంటూరులో క్యాన్సరు మందు ఎక్కించడం మొదలుపెట్టారు. రెండోసారి ఎక్కించాక ఆమెకి అన్నం వాసనే గిట్టలేదు. బరువు ఇంకా తగ్గితే మూడోది ఇప్పుడే ఇవ్వనని డాక్టరుగారు చెప్పేశారు. ఇక తెనాలిలో మా ఇంటిల్లిపాదికీ ఒకటే పని: అక్క చేత నాలుగు ముద్దలు తినిపించడం. ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టిన నాకు వేళాకోళం తప్ప వేరే వైద్యం తెలియదు.

మా పిన్ని మలేషియాలో నర్సుగా చేసి, బాపట్లలో స్థిరపడింది. మలేషియాలోని చైనావాళ్ళు ఇలాంటి రోగులకి బలానికని కాచి ఇచ్చే సరుకు ఒక పొట్లం తెచ్చింది.

"డాక్టరుగారికి చూపించకుండా పొయ్యి మీద పెట్టారంటే ఊరుకోను" అంది.

పొట్లం పట్టుకుని గుంటూరు వెళ్ళాను. డాక్టరుగారు దాన్ని కాగితం మీద పరిచి చూశారు.

"ఈ వేరుముక్కల సంగతి నాకు తెలీదు. మందు ఎక్కించేన్నాళ్ళూ వద్దు. అల్లం, ఎండు రేగుపళ్ళు అయితే పరవాలేదు."

"ఓడెక్కి వచ్చినవి రేగుపళ్ళాండి? కొలకలూరు గట్ల మీద మేకలు తింటాయండి వీటిని."

"మేకలు బానే ఉన్నాయిగా" అన్నారాయన.

వేర్లు ఏరేసి, మిగిలింది అమ్మకిచ్చి, నీళ్ళు సగమయ్యేదాకా కాచమన్నాను. కాచింది, రుచి చూసింది. ఆ తియ్యటి చప్పిడి నీళ్ళు నీరసపడ్డ పిల్లకి పొయ్యడానికి అమ్మకి చెయ్యి రాలేదు. చింతపండు పిసికింది, ఉప్పేసింది, నేతిలో జీలకర్ర, కరివేపాకు తాలింపు పెట్టింది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక పిన్ని వచ్చి గిన్నె మూత తీసింది.

"ఏంటక్కా ఇది?"

"నువ్వు తెచ్చిందేనే."

"ఇది చారక్కా. చైనావాళ్ళు చూస్తే ఏడుస్తారు."

"వాళ్ళకీ ఓ గ్లాసు పోద్దాంలే పిన్నీ" అన్నాను. నా వీపు మీద ఒకటి పడింది.

తాలింపు వాసనకి అక్క మళ్ళీ కక్కుతుందని పిన్ని భయం. మంచం మీంచి అక్క మాత్రం, "అమ్మా, అది కాస్త అన్నంలో పొయ్యవే" అంది. అమ్మ గబగబా కలిపి పెట్టింది. ఆరు ముద్దలు తింది. నేను లెక్కపెడుతుంటే "దిష్టి పెట్టకురా" అంది.

"సరే, రోజూ తాలింపే పెట్టక్కా" అని పిన్ని ఓడిపోయింది.

పొట్లం అయిపోయాక అమ్మ మన ఎండు రేగుపళ్ళే వేసింది. తేడా ఎవరికీ తెలియలేదు.

గుంటూరులో బరువు చూసే ముందు, "చెప్పులు విప్పకు" అని అక్క చెవిలో చెప్పాను. "చెప్పులు విప్పమ్మా" అన్నారు డాక్టరుగారు. విప్పినా అరకిలో పెరిగింది. రక్తపరీక్షా బాగానే వచ్చింది. మూడోది ఎక్కించమన్నారు. రోగాన్ని తగ్గించింది ఆ మందే. మా చారు చేసిందల్లా, దాన్ని తట్టుకునేందుకు అన్నం తినిపించడం.

సూది గుచ్చాక అక్క నావైపు చూసింది.

"నవ్వించకురా. చెయ్యి కదిలితే మళ్ళీ గుచ్చుతారు."

సీసా ఖాళీ అయ్యేదాకా నోరు మూసుకుని పక్కనే కూర్చున్నాను. అయినా నా మొహం చూసి ఆమెకి నవ్వొచ్చింది. చెయ్యి మాత్రం కదపలేదు.