బావ జరిపిన గట్టు

మా ఊళ్లో నా మాటకు విలువ లేదు. తప్పు నాదే. ఎగిరే చేప ఒకటి సముద్రం మీంచి వచ్చి మా పొయ్యి మీద ఉడుకుతున్న పులుసులో తనంతట తానే పడిందని ఒకసారి చెప్పాను. తుఫాను గాలికి మా మేక ఎగిరి కోటబొమ్మాళి సంతలో దిగిందని ఇంకోసారి చెప్పాను. అందుకే మా బావ నా కొబ్బరితోట గట్టు జరిపేశాడని నిజం చెప్పినప్పుడు పెద్దలు హాయిగా నవ్వి, తర్వాత ఏమైందని అడిగారు.

బావంటే మా అక్క మొగుడు. ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు. పసుపు కుంకుమ కింద అక్కకిచ్చిన తోట, నా తోట పక్కపక్కనే. మధ్యలో గట్టు, దాని మీద మొగలి కంచె. మొగలికి ముళ్లుంటాయి కాబట్టి మనిషి దూరడు గానీ, మొగలి మాత్రం నడుస్తుంది. ఒక పక్క నరుకుతూ రెండో పక్క ఊడలు దిగనిస్తే ఏటా జానెడు కదులుతుంది. తుఫానుకి తోటలు కూలి అందరూ ఏడుపులో ఉన్నప్పుడు ఆ నడక జోరందుకుంది. పాత సరిహద్దు రాయి కనబడకుండా పోయింది. నా కొబ్బరి చెట్లు మూడు, ఒక్క అడుగు కూడా వేయకుండా బావ తోటలోకి వెళ్లిపోయాయి.

నా దగ్గర ఉన్న సాక్ష్యం ఒక్కటే: తుఫానుకి ముందు తీసిన ఫొటోలు. నుయ్యి, మెడ వంగిన కొబ్బరి చెట్టు, వాటి మధ్య సరిహద్దు రాయి. తీసిన ఫోను సముద్రం పాలైంది. సొరచేప మింగిందని ఊరికి చెప్పాను. నిజానికి లుంగీ మడతలోంచి జారింది. ఫొటోలు అప్పటికే ల్యాప్‌టాప్‌లో ఎక్కించి ఉంచాను. ఆ ల్యాప్‌టాప్‌లో రెండు కాపురాలు. లినక్స్ వాటా నాది, ఫొటోలు అందులోనే. విండోస్ వాటా బావ కోసం. కొబ్బరి లోడు కాగితాలు ప్రింటు తీసుకోవడానికి మా ఇంటికే వస్తాడు. స్విచ్ వేయగానే ఎటు పోతావని అడుగుతుంది.

నేను పెట్టుకున్న అర్జీ మీద సోమవారం సర్వేయరు కొలతకు వస్తాడనగా, గురువారం బావ ప్రింటుకొచ్చాడు. నేను టెక్కలి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు: అలాంటి పార్టిషన్ లేదు. దాని కింద గ్రబ్ రెస్క్యూ అని ఒక ముక్క, మిణుకుమంటూ ఒక గీత.

ఏం చేశావని అడిగితే బావ చాలా మామూలుగా చెప్పాడు.

"సోటు సాల్లేదంటంది బావా. పక్కన పేరూ ఊరూ నేని ముక్కొకటి కనబడింది. కాళీగా పడుందని ఇటు కలిపీసినాను."

తోటలో ఎలాంటి చెయ్యో డిస్కులోనూ అదే చెయ్యి. ఫొటోలు అందులోనే ఉన్నాయని గుర్తు చేస్తే, "పోన్లే, పాత ఫొటోలే కదేటి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో పండగ చూశాను. అప్పుడే అనుకున్నాను, ఫొటోలు దొరికినా సోమవారం దాకా ఈ పండగ చేసుకోనిద్దామని.

మర్నాడు పలాస తీసుకెళ్తే దుకాణం మనిషి మూత తెరవగానే ఉన్నదంతా చెరిపేసి ఫార్మాట్ కొట్టేద్దామన్నాడు. పీక మీద కత్తి పెట్టినట్టయింది. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెనక్కొచ్చి, అరుగు మీద కూర్చుని, భార్య ఫోనులో చదువుతూ నేనే మొదలుపెట్టాను.

సంగతి చదివితే నవ్వొచ్చింది. డిస్కులో వాటాలకు వరుస నంబర్లుంటాయి. బావ మింగిన చిన్న ముక్క ఐదోది, నా లినక్స్ ఆరోది. ఐదు పోగానే ఆరు కాస్తా ఐదైంది. తలుపు తీసే గ్రబ్ మాత్రం పాత ఆరో నంబరు కోసం వెతికి, అలాంటి ఇల్లే లేదంటోంది. అంటే పొలం ఎక్కడికీ పోలేదు, సర్వే నంబరు మారిందంతే. ఏ వాటాలున్నాయో చూపమని అడిగాను. ఐదులో ఏముందని అడిగితే నా ఫోల్డర్ల పేర్లు వరసగా బయటపడ్డాయి. ఇకనుంచి నీ ఇల్లు ఇదేనని నాలుగు వరుసల్లో చెప్పాక తలుపు తెరుచుకుంది. లోపలికెళ్లి గ్రబ్‌ను మళ్లీ ఎక్కించి కొత్త నంబరు రాయించాను. లేకపోతే స్విచ్ వేసిన ప్రతిసారీ ఇదే పాట. ఫొటోలు తెరిచాను. రాయి ఉంది.

పనిలో పనిగా మొదట్లో కనబడే జాబితాలో ఒక చిన్న మార్పు కూడా చేశాను.

ఫొటోలు దొరికాయని అక్కకు కూడా చెప్పలేదు. ఆ రెండు రోజులూ చావింట్లో మనిషిలా తిరిగాను. బావ వచ్చి ఓదార్చాడు. నా అన్నంలో చేప ముక్క వేశాడు. తిన్నాను.

సోమవారం తోటలో సర్వేయరు, పెద్దలు. బావ కంచె మీద చెయ్యి ఊపి అన్నాడు: "మా మావ నాటిన కంచి ఇది. అప్పుటి నుంచీ ఇక్కడే ఉంది. ఈడి కతలు మీకు తెలీనివేటి?"

పెద్దలు నవ్వారు. అందరితో పాటు నేనూ నవ్వి, ల్యాప్‌టాప్ తెరిచాను. జాబితా వచ్చింది. విండోస్ అని ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాల్లో 'బావ జరిపిన గట్టు' అని ఉంది. సర్వేయరు దాన్ని పైకే చదివాడు. నేను నా వరుస నొక్కి ఫొటోలు చూపించాను. నుయ్యి అక్కడే ఉంది, వంగిన చెట్టూ అక్కడే ఉంది. ఆ రెండింటి మధ్య చోటు చూసి తవ్వమన్నారు. మోకాలి లోతులో గునపం ఖంగుమంది.

బావ వంగి రాయి మీది ఇసక చేత్తో తుడిచాడు. తర్వాత, "ఇసక కప్పీసింది బావా, నానేటి సేత్తాను," అన్నాడు.

"ఇసక్కి సేతులు మొలిసాయేటి బావా?" అన్నాను.

ఆ కంచె బావే తన చేతులతో పీకాలని పెద్దలు తేల్చారు. రెండు రోజులు పట్టింది. మొగలి ముల్లు చర్మాన్ని గీరి వదలదు, కొక్కెంలా పట్టి లాగుతుంది. నేను తిరిగొచ్చిన నా చెట్టు కింద కూర్చుని, దాని బోండమే తాగుతూ చూశాను. ఆయనకు ఒక్క గుక్క కూడా ఇవ్వలేదు.

బావ ఇప్పటికీ ప్రింటుకొస్తాడు. ఈ దగ్గరలో వేరే ప్రింటరు లేదు. జాబితాలో ఆ పేరు మార్చమని అక్కతో రెండుసార్లు కబురంపాడు. అలా మార్చడం నాకు చేతకాదని చెప్పాను. ఊళ్లో నా మాట నమ్మని వాళ్లంతా ఈ ఒక్కటి మాత్రం నమ్మారు. కాగితం కావాలంటే గీతలు పడిన ఆ వేలితో బావే ఆ వరుస నొక్కాలి.