గుర్రాలకు తోడుగా

ఆమె ఎత్తు చూశాక పేరు వింటే కొత్తవాళ్లు నవ్వు ఆపుకోలేరు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సిన మనిషి, ఇంట్లో మాత్రం అందరికీ బుల్లి. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని అక్క పెట్టిన ముద్దుపేరు అది. మనిషి పెరిగింది గానీ పేరు పెరగలేదు.

బుల్లిది గుర్రాలకు తోడుగా విమానమెక్కే ఉద్యోగం. పందెపు గుర్రాల్ని ఒక దేశం వాళ్లు అమ్మితే ఇంకో దేశం వాళ్లు కొంటారు. సరుకుల విమానంలో పంపుతారు. రేకు గోడల పెట్టెల్లాంటి గదుల్లో రెండేసి చొప్పున నిలబెట్టి, ఆ పెట్టెల్ని విమానం కడుపులోకి తోస్తారు. దారి పొడవునా వాటికి నీళ్లు పట్టాలి, ఎండుగడ్డి అందించాలి, బెదిరితే తల దగ్గర నిలబడి మాట్లాడుతూ ఉండాలి. అందుకు మనుషులు కావాలి.

"అంటే గుర్రాలకీ టికెట్టు తీస్తారా?" అని బావ ఎప్పుడూ ఆటపట్టించేవాడు.

"తీస్తారు బావా. పైగా నీకంటే నయం, పక్కవాళ్ల మీద తలవాల్చి గురక పెట్టవు."

అక్క ఫక్కున నవ్వేది. బావ మొహం అటు తిప్పుకునేవాడు.

బుల్లి వాళ్ల నాన్న ఊరి చివర పందెపు లాయంలో గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. ఇద్దరు ఆడపిల్లల్లో పెద్దది బుద్ధిగా చదువుకుని కుట్టుపని నేర్పే స్కూల్లో చేరింది. చిన్నదానికి చదువు ఒంటబట్టలేదు. బడి ఎగ్గొట్టి లాయంలో తేలేది. నాన్న తిట్టి తిట్టి నోరు నొప్పెట్టాక, ఊరికే తిరిగే బదులు పనైనా చెయ్యమని చేతికి చీపురు ఇచ్చాడు. అలా పేడ ఎత్తడంతో మొదలుపెట్టి, గుర్రాల ఒళ్లు తోమడం, గిట్టలు శుభ్రం చేయడం, ఉదయం నడిపించడం దాకా వచ్చింది.

ఒకసారి ఆ లాయంలోని ఒక గుర్రాన్ని విదేశం వాళ్లు కొన్నారు. తీసుకెళ్లడానికి రవాణా కంపెనీ నుంచి ఒక పెద్దాయన లారీ వేసుకుని వచ్చాడు. గుర్రం లారీ ఎక్కనంటుంది. ముందునుంచి లాగారు, వెనకనుంచి నెట్టారు, బెల్లం చూపించారు. కాళ్లు నేలకు మేకులు కొట్టినట్టు నిలబడిపోయింది. అప్పటిదాకా పక్కన బకెట్లు కడుగుతున్న బుల్లి చేతులు తుడుచుకుని వచ్చి, తాడు అందుకుని, గుర్రం వైపు చూడకుండా తన మానాన తను లారీ ఎక్కింది. గుర్రం వెనకాలే ఎక్కేసింది.

పెద్దాయన ఆమెను ఎగాదిగా చూశాడు. "అమ్మాయ్, పాస్‌పోర్టు ఉందా?"

"ఉందండీ, ఇప్పుడే తెస్తా" అని పరుగెత్తుకెళ్లి, బడిలో చేరేటప్పుడు తీయించగా మిగిలిన పాస్‌పోర్టు సైజు ఫొటో తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

పెద్దాయన ఆ ఫొటోను చాలాకాలం పర్సులో పెట్టుకుని తిరిగాడు. కంపెనీలో ఎవరు కొత్తగా చేరినా తీసి చూపించి కథ చెప్పేవాడు. అసలు పాస్‌పోర్టు మాత్రం ఆయనే దగ్గరుండి తీయించాడు.

మొదటి ప్రయాణంలో గుర్రాలు నిక్షేపంగా ఉన్నాయి, బుల్లికే కడుపులో తిప్పింది. విమానం లేస్తుంటే చెవులు గడియ పడినట్టు మూసుకుపోయాయి. గుర్రాలు గడ్డి నములుతూనే ఉన్నాయి. అలా దవడలు ఆడిస్తే చెవులు వదులవుతాయని అప్పుడు తెలిసింది. అప్పటినుంచి ఆమె కూడా జేబులో నమలడానికి ఏదో ఒకటి పెట్టుకునేది. లోపల చలి. గుర్రాల ఒంటి వేడికి అది అలాగే ఉండాలి. రెండు స్వెట్టర్లు వేసుకుని, ఆ చివరి నుంచి ఈ చివరికి బకెట్లు మోసేది. గాల్లో గుర్రాలు సరిగా నీళ్లు తాగవు. గడ్డి తడిపి పెట్టాలి, వేళ్లు నీళ్లలో ముంచి పెదాలకు రాయాలి, బతిమాలాలి. అన్నం తినని పిల్లాడి వెంట తల్లి తిరిగినట్టే ఉంటుంది ఆ పని.

గుర్రాల్ని అప్పగించాక తిరుగు ప్రయాణం మామూలు విమానంలో, మామూలు సీట్లో. ఎంత స్నానం చేసినా లాయం వాసన పోదు. పక్క సీటువాళ్లు ముక్కు ఎగబీలుస్తూ ఎవరి బూట్లోనని కిందికి చూసేవారు. బుల్లి కూడా వాళ్లతో పాటు కిందికి చూసేది.

"ఇన్ని దేశాలు తిరిగావు కదే, ఏం చూశావు?" అని అక్క అడిగితే మొదట్లో చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. సరుకుల షెడ్లు ఎక్కడైనా ఒకటే. అవే ఇనప తలుపులు, అదే డీజిలు వాసన, నాణెం వేస్తే వేడినీళ్లలాంటి టీ పోసే అదే మిషను. హోటలు కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. అక్క మొహం చిన్నబోవడం చూసి బుల్లికే చిన్నతనంగా అనిపించింది. ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా నిద్ర తీరగానే హోటలు ముందు వచ్చిన సిటీ బస్సు ఎక్కి, చివరి స్టాపు దాకా వెళ్లి దిగడం అలవాటు చేసుకుంది. చివరి స్టాపులో చూడదగ్గవేమీ ఉండవు. మంగలి షాపు, బట్టలు ఆరేసిన మేడలు, బడి వదిలిన పిల్లలు, మందుల షాపు ముందు కబుర్లాడుకునే ముసలివాళ్లు. ఆ కబుర్లు మోసుకొచ్చి చెబితే అక్క నోరు తెరుచుకుని వినేది.

ఇంట్లో పెళ్లి మాట వచ్చింది. వచ్చిన ప్రతివాడూ టీ తాగి, గొంతు సవరించుకుని, "పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తుంది కదా?" అనేవాడు. ఒకాయనైతే గుర్రాల దగ్గర పనిచేసే పిల్ల వంట చేస్తే తినబుద్ధవుతుందా అని పక్కనున్నవాళ్లతో అన్నాడు. బుల్లి ఆ మాట విని, తను తెచ్చిన టీ కప్పు ఆయన ముందునుంచి తీసేసి లోపలికి వెళ్లిపోయింది. అమ్మ తల పట్టుకుంది.

చివరికి బావ తన స్నేహితుణ్ణి ఒకతన్ని తీసుకొచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. మనిషి పొట్టి. వచ్చి కూర్చున్నాడు, ఏమీ అడగలేదు. అందరూ బలవంతం చేశాక బుల్లి వైపు తిరిగి, "మీరు వెళ్లే దేశాల్లో బస్సు డ్రైవరు ఎడంపక్క కూర్చుంటాడా, కుడిపక్కా?" అన్నాడు.

"కొన్నిచోట్ల ఎడమ, కొన్నిచోట్ల కుడి."

"కండక్టరు?"

"చాలాచోట్ల ఉండడు. డ్రైవరే టికెట్టు చూస్తాడు."

"అయ్యో పాపం" అన్నాడతను మనస్ఫూర్తిగా.

అలా మొదలైన కబుర్లు టీ చల్లారిపోయినా ఆగలేదు. తలుపులు ఎలా తెరుచుకుంటాయి, జనం వరసలో నిలబడతారా, చివరి స్టాపులో డ్రైవర్లకు కూర్చునే చోటు ఉంటుందా, అన్నీ కావాలి అతనికి. బుల్లికి అన్నీ తెలుసు. ఉద్యోగం మానేస్తావా అన్న ప్రశ్న అతని నోట రానే లేదు. ఆ సంగతి బావ తర్వాత గుర్తుచేస్తే, "మానేస్తే మళ్లీ ఇవన్నీ ఎవరు చెబుతారు?" అన్నాడట.

పెళ్లయింది. ఆమె వారాల తరబడి ఉండేది కాదు. అతను డ్యూటీకి వెళ్లి వచ్చి వండుకుని, ఇల్లు తుడుచుకుని, నిక్షేపంగా ఉండేవాడు. ఇరుగుపొరుగువాళ్లు జాలిపడితే నవ్వి ఊరుకునేవాడు. పిల్లలు కలగలేదు. కొన్నాళ్లు బాధపడ్డారు, తర్వాత ఆ మాట ఎత్తడం మానేశారు.

నలభై దాటాక ఒక ప్రయాణంలో బుల్లి భుజం పోయింది. ఎండ కాస్తున్న మధ్యాహ్నం బయల్దేరారు. గుర్రాల్లో ఒక చిన్నవయసు ఆడగుర్రం ఉంది, విమానం ఎక్కడం దానికి అదే మొదలు. మేఘాల్లోకి వెళ్లగానే విమానం కుదిపింది. చిన్నా చితకా కుదుపులు కావు, గడ్డి మోపులు ఎగిరి పడ్డాయి. ఆడగుర్రం వెర్రెత్తినట్టు వెనక్కి తన్నడం మొదలుపెట్టింది. రేకు గోడ లోపలికి వంగింది. పక్క గుర్రం కూడా బెదిరింది.

ఇలాంటప్పుడు నియమం ఒకటే. గుర్రం వల్ల విమానానికి ప్రమాదం వస్తుందనిపిస్తే దాన్ని చంపేయాలి. అందుకే ప్రతి ప్రయాణంలోనూ పశువుల డాక్టరు ఉంటాడు. చాలా ఏళ్లుగా బుల్లితో ప్రయాణం చేసిన డాక్టరుగారే ఆ రోజూ ఉన్నాడు. మత్తు ఇచ్చాడు, అది పనిచేయలేదు. రెండో సూది తీశాడు. అది దేనికో బుల్లికి తెలుసు.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం ఆగండి."

"ఎక్కువసేపు ఆగలేనమ్మా."

బుల్లి రేకు గోడ మీదుగా వంగి, రెండు చేతులా ఆ గుర్రం మొహానికున్న పట్టీ పట్టుకుని, తన మెడ దాని మెడకు ఆనించి, వేలాడినంత పని చేసింది. ఏదేదో మాట్లాడింది. ఏం మాట్లాడిందో తర్వాత ఆమెకు గుర్తులేదు. బస్సుల గురించి అయ్యుండొచ్చని డాక్టరుగారు చెప్పాడు. గుర్రం ఒక్కసారి తల ఎగరేసింది. బుల్లి భుజంలో ఏదో పుటుక్కుమంది. అయినా చెయ్యి వదల్లేదు. కాసేపటికి విమానం మేఘాల పైకి చేరింది. మత్తు ఆలస్యంగా తలకెక్కి గుర్రం ఒళ్లు వదులు చేసింది. పట్టీ మీదినుంచి బుల్లి వేళ్లను డాక్టరుగారే ఒక్కొక్కటిగా విడదీశాడు.

గుర్రం బతికింది. బుల్లి చెయ్యి మెడకు కట్టించుకుని ఇంటికొచ్చింది. ఆపరేషను చేశారు. ఆ చెయ్యి ఇక భుజం ఎత్తు దాటి లేవదని చెప్పారు. బకెట్లు ఎత్తలేని మనిషిని గాల్లోకి పంపలేమని కంపెనీ తేల్చేసింది.

ఇల్లు ఆమెకు కొత్త ప్రదేశమైంది. ఏ గిన్నె ఎక్కడుందో తెలియదు. ఖాళీగా ఉండలేక వంటింట్లో డబ్బాలన్నీ ఒంటిచేత్తో దించి వేరే వరసలో సర్దింది. డ్యూటీ నుంచి వచ్చిన మొగుడు ఉప్పు కోసం వెతికి వెతికి, చివరికి ఉప్పులేని కూర తిన్నాడు. మర్నాడు గుమ్మం దగ్గరి చెప్పులతో సహా మళ్లీ సర్దింది. అతను సహనంగానే ఉన్నాడు గానీ, ఓరోజు పొద్దున్నే ఒక్క చెప్పు వేసుకుని రెండోదాని కోసం తిరుగుతూ ఆగిపోయాడు.

"ఇది ఇల్లే. గుర్రం కాదు. నువ్వు పట్టుకోకపోయినా నిలబడుతుంది" అన్నాడు.

బుల్లికి కోపం ముంచుకొచ్చింది. "అయితే నేనెందుకు ఇక్కడ?" అంది.

అతను చెప్పు సంగతి మర్చిపోయి పక్కన కూర్చున్నాడు. బుల్లి ఏడ్చింది. ఆపరేషనప్పుడు కూడా ఏడవని మనిషి. అతను డ్యూటీకి ఆలస్యంగా వెళ్లి పైవాళ్ల చేత మాటలు పడ్డాడు.

ఆ సాయంత్రం అతనే ఆమె ఉద్యోగం మాట ఎత్తాడు. "నీ పనిలో చెయ్యెత్తి చేసేవి ఎన్ని, చెయ్యెత్తక్కర్లేనివి ఎన్ని?"

"నీళ్లు మోయడం, గడ్డి పైకి కట్టడం కుదరదు. మిగతావన్నీ చేయగలను."

"మరి నీళ్లు మోయడానికి ఇంకొకరు వస్తే?"

బుల్లి పెద్దాయనకు ఫోన్ చేసింది. ఆయన ఇప్పుడు బాగా పెద్దవాడైపోయాడు, ఆఫీసుకు రోజూ రావడం లేదు.

"ఒకరి పనికి ఇద్దరా? ఒప్పుకోరమ్మాయ్" అన్నాడు.

"మీరు అడగండి ముందు. ఫొటో తెమ్మంటే ఇంకోటి తెస్తా" అంది. ఆయన నవ్వాడు. ఆయన అడిగాడు, డాక్టరుగారు కూడా పైవాళ్లకు చెప్పాడు. కంపెనీ నానా గొడవా చేసి సగానికి ఒప్పుకుంది. గుర్రాలు ఎక్కువగా ఉండే దూర ప్రయాణాలకు మాత్రమే పిలుస్తారు. దగ్గరివాటికి వేరేవాళ్లు వెళతారు. బుల్లికి అది తృప్తినివ్వలేదు. అయినా ఒప్పుకుంది.

మళ్లీ బయల్దేరిన రోజు మొగుడు సెలవు పెట్టి విమానాశ్రయం దాకా వచ్చాడు. లోపల అన్నీ తెలిసిన పనులే. గుర్రాల్ని ఎక్కించారు, తలుపులు మూశారు. నీళ్లు మోయడానికి కొత్తగా చేరిన కుర్రాడు బకెట్లు వరసగా పెట్టాడు. విమానం లేచేటప్పుడు మనుషులు కూర్చునే సీట్లలో ఆమె పక్కన డాక్టరుగారు కూర్చున్నాడు. విమానం కదలగానే బుల్లి తన బెల్టును మూడుసార్లు బిగించుకుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనిది.

"డాక్టరుగారూ, నాకు భయమేస్తోంది" అంది.

ఆయన ముందు తన బెల్టు బిగించుకున్నాడు. "ఆ రోజు సూది నా చేతిలో ఉందమ్మా. మీకు భుజం పోయింది. నాకు నిద్ర పోయింది. ఇప్పటికీ ఎక్కేముందు నాకూ భయమే."

"మరి చెప్పలేదే?"

"మీరు అడగలేదు."

బుల్లి జేబులోంచి నమలడానికి రెండు చాక్లెట్లు తీసి ఒకటి ఆయనకిచ్చింది. ఇద్దరూ నోళ్లు ఆడిస్తూ కూర్చున్నారు. చెవులు మూసుకున్నాయి, తెరుచుకున్నాయి. వెనక పెట్టెల్లో ఏదో గుర్రం గిట్ట నేలకు కొట్టి, తర్వాత ఊరుకుంది. విమానం నిలకడగా సాగాక బెల్టు పెట్టుకోమనే దీపం ఆరింది. భయం ఇంకా పోలేదు. అలాగే లేచి, వంగి నడుస్తూ, మొదటి పెట్టెలో ఉన్న ముసలి మగగుర్రం దగ్గరికి వెళ్లింది. నీళ్లలో వేళ్లు ముంచి దాని పెదాలకు రాసింది. అది నాకలేదు. బుల్లి మళ్లీ ముంచి, బతిమాలడం మొదలుపెట్టింది.