తుపాకీ పక్కన కూర్చున్న మనిషి

మస్కట్ పక్కన సీబ్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో నేను చెవి పరీక్షలు చేసేదాన్ని. చదివింది నర్సింగే. కాకినాడలో పనిచేసినప్పుడు చెవి, ముక్కు, గొంతు వార్డులో ఈ పని నేర్చుకున్నాను. మస్కట్ వచ్చాక అదే నాకు అన్నం పెట్టింది.

పరీక్ష పెద్ద కష్టమైనదేమీ కాదు. పేషెంటును బీరువా అంత గదిలో కూర్చోబెట్టి తలుపు బిగించాలి. బయటి చప్పుడు లోపలికి రాదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇస్తాం. కూత వినపడినప్పుడల్లా నొక్కాలి. నేను గాజు పలకకు ఇవతల కూర్చుని, కూత పెంచుతూ తగ్గిస్తూ, అతను నొక్కిన చోటల్లా చార్టు మీద గుర్తు పెడతాను. కొందరు ఆ గదిలో రెండు నిమిషాలు కూడా ఉండలేరు. ఊపిరాడటం లేదని తలుపు కొడతారు.

ఆ రోజు వచ్చిన మనిషి మాత్రం కొట్టలేదు. "ఏసీ మస్తుగుంది మేడం" అని బుద్ధిగా కూర్చున్నాడు.

అతన్ని తీసుకొచ్చింది అతని యజమాని. అరవై దాటిన ఒమానీ పెద్దాయన, రుస్తాఖ్‌లో ఖర్జూరం తోట ఉంది. ఏళ్ల తరబడి మనవాళ్లను పనిలో పెట్టుకోవడం వల్ల ఆయనకు హిందీ బాగా వచ్చు. "వీడు మంచివాడు. కానీ రెండుసార్లు పిలిచినా పలకడు. మూడోసారి పిలిచేసరికి నాకు కోపం వస్తోంది. అందుకే తీసుకొచ్చాను" అన్నాడు.

అతనిది జగిత్యాల వైపు. వయసు నలభై అయిదు ఉంటుంది. నేను తెలుగులో మాట్లాడగానే ముఖం విప్పారింది. ఎక్కడ పని, చప్పుడులో ఉంటారా అని అడిగాను.

"తోటల నీళ్లు గడ్త, మేకల జూస్త. చప్పుడేముంటది మేడం? శుక్రారం ఒక్కనాడే తుపాకులు."

ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక పెద్దాయన స్నేహితులు తోటకు వస్తారట. వాగుకు అవతల గుట్ట కింద గురి పలకలు పెట్టి పందెంగా కాలుస్తారు. రేకుల షెడ్డు కింద పరుపులు వేసుకుని వరసగా కూర్చుంటారు. ఇతను పెద్దాయనకు కుడి పక్కన, భుజానికి భుజం ఆనేలా కూర్చుని తూటాలు అందిస్తాడు. దుర్భిణితో చూసి గుండు ఎక్కడ తగిలిందో చెప్తాడు. నాలుగేళ్ల నుంచీ ఇదే. ఆయన వైపు ఉండేది ఇతని ఎడమ చెవి.

"చెవులకేమీ పెట్టుకోరా?"

"డొప్పలున్నయి. పెట్టుకుంటె అర్బాబ్ ఏమన్నడో ఇనవడది. అర్బాబ్ గూడ పెట్టుకోడు."

అర్బాబ్ అంటే యజమాని. కుడి చెవి పరీక్ష బాగానే నడిచింది. ఎడమ చెవికి వచ్చాను. అక్కడా టకటకా నొక్కుతున్నాడు. ఒకసారి కూత పంపకుండా ఊరికే మీట మీద చెయ్యి వేశాను. నొక్కాడు. తలెత్తి చూస్తే అతని కళ్లు గాజులోంచి నా మోచేతి మీదే ఉన్నాయి. నేను కుర్చీ తిప్పి, వీపు అతని వైపు పెట్టి కూత పంపాను. ఏమీ లేదు. పెంచాను. ఇంకా పెంచాను. నాకైతే ఉలిక్కిపడేంత కూత. బటన్ దీపం వెలగలేదు.

తలుపు తీసి లోపలికి వెళ్లాను. అతను హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"దొరికిపోయిన్నా మేడం?"

"ఎందుకిలా చేశారు?"

"ఇనవడ్తదనే రాయుండ్రి. మీ కాళ్లు మొక్కుత. చెవులు పోయినయని రాస్తె వీసా క్యాన్సిల్ జేసి ఇంటికి తోలుతరు. మా రూముల ఉన్నోని చెయ్యి మిషిన్ల వడితె గట్లనే తోలిన్రు. ఇంటికాడ ఏం జేయాలె నేను? మా ఇంటామె బీడీలు జేస్తది. ఆమెకే చేతినిండ పనిలేదు."

బయటికి వచ్చి చార్టు ముందు కూర్చున్నాను. ముందు పెట్టిన తప్పుడు గుర్తులను కొట్టేసి కొత్తవి పెట్టడమే నా పని. పెట్టలేదు. వాటిని అలాగే ఉంచేశాను. డాక్టరు చార్టును ఒక్క క్షణం చూసి, కొద్దిపాటి లోపం, చప్పుడుకు దూరంగా ఉండాలి, ఆరు నెలలకు మళ్లీ రావాలి అని సంతకం పెట్టాడు. ఒక్క అబద్ధం కూడా రాయలేదు కదా, నిజం రాయలేదంతే అని నాకు నేనే చెప్పుకున్నాను.

పెద్దాయనకు ప్రాణం కుదుటపడింది. వెళ్లబోతూ ఆగి, "నా కొడుకు ఏదో ఫోన్లో చూపిస్తున్నాడు. తుపాకీ మూతికి బిగించే గొట్టం. దాన్ని కాతిమ్ అంటారు. పెట్టి కాలిస్తే చప్పుడే రాదట. దానితో వీడి చెవులు బాగుంటాయా?" అన్నాడు.

శిక్షణలో చప్పుడు వల్ల వచ్చే చెవుడు గురించి చదివినప్పుడు ఆ సంగతి నేను విన్నాను. తెలిసింది చెప్పాను. సినిమాల్లో చూపించినట్టు ఉఫ్‌మని ఊదినట్టు ఉండదు, చప్పుడు ఉంటుంది, పెద్దగానే ఉంటుంది. కాకపోతే చెవికి తగిలే దెబ్బ బాగా తగ్గుతుంది. కొన్ని దేశాల్లో వేటగాళ్లు అందుకోసమే వాడతారు, అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. అది పెట్టినా డొప్పలు పెట్టుకోవాల్సిందే అని కూడా అన్నాను. ఆ ఆఖరి మాట వాళ్లు ఇంటికి తీసుకెళ్లలేదు. "సిస్టరు కూడా మంచిదనే చెప్పింది" అన్నంత వరకే తీసుకెళ్లారు.

నెల తిరక్కుండా పెద్దాయన తన మోకాళ్ల నొప్పికి క్లినిక్‌కు వచ్చి, నన్ను చూసి కూర్చున్నాడు. కాతిమ్ కోసం పోలీస్ స్టేషన్‌కు వెళ్లి అడిగాడట. దొంగతనంగా ఏ పనీ చేసే మనిషి కాదు. అక్కడి అధికారి కాఫీ ఇచ్చి మర్యాదగానే చెప్పాడట. తుపాకీకి లైసెన్సు ఉంది, నంబరు ఉంది, మీ పేరు ఉంది. దీనికి మాత్రం మీలాంటి వాళ్లకు అనుమతి లేదు. దగ్గర ఉంచుకున్నా నేరమే, బయటి నుంచి తెప్పించుకున్నా నేరమే.

"ఎందుకని అడిగాను సిస్టర్. తుపాకీ పేలితే లోయంతా వింటుంది, ఎక్కడ పేలిందో ఊరందరికీ తెలుస్తుంది, మాకు సగం కాపలా ఆ చప్పుడే అన్నాడు. ఆ మాటా నిజమే కదా?"

నిజమేనన్నాను. ఆయన అక్కడితో వదిలేశాడు. కొడుకు వదల్లేదు.

ఒక మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా తెరిచేసరికి ఫోను మోగింది. జగిత్యాల ఆయనే. నా నంబరు మందుల చీటీ వెనక నేనే రాసిచ్చాను. అరుస్తున్నట్టు మాట్లాడుతున్నాడు.

"చెల్లె, ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. చోటా అర్బాబ్ గా గొట్టం తెప్పిస్తుండు. పార్శిల్ల వస్తదట. నా బతాకా నంబరు మీద తెప్పిస్తుండు."

బతాకా అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు. నేను డబ్బా మూత పెట్టేశాను.

"మీ పేరు మీద ఎందుకన్నా?"

"వాళ్ల నాయినకు తెల్వొద్దని. పైన కారు సామాను అని ఉంటదట. వస్తె సంతకం వెట్టి తీస్కో అన్నడు. నీ చెవుల కోసమే గదరా అంటుండు. అది తప్పా చెల్లె?"

"తప్పే అన్నా. పెద్ద తప్పు. పట్టుకుంటే మిమ్మల్నే పట్టుకుంటారు. సంతకం పెట్టొద్దు. వద్దని చెప్పండి."

వినపడలేదేమోనని మళ్లీ చెప్పాను.

"ఇన్న చెల్లె. వద్దంటె వానితోని పడది, రేపే తోలిచ్చేస్తడు. సరే అంటె పోలీసోల్లు. నువ్వే చెప్పు, ఎటు పోవాలె?"

ఆలోచించి చెప్తానని ఫోన్ పెట్టేశాను. పెద్దాయనకు చెప్పడమొక్కటే దారి. ఆయనకు చెప్పాలంటే, ఆ గొట్టంతో కాపాడటానికి ఎడమ చెవిలో ఏమీ మిగల్లేదని కూడా చెప్పాలి. అప్పుడు ఆ చార్టు సంగతి వస్తుంది. చార్టులో తప్పు పెట్టినట్టు తేలితే నా లైసెన్సు పోవచ్చు. నా వీసా కూడా ఈ క్లినిక్ మీదే ఉంది. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి చర్చి ఆరాధన కూడా ఆ రోజే. ఆ శుక్రవారం మోకాళ్ల మీద ఉన్నాను కానీ ఒక్క మాట ప్రార్థన రాలేదు. అదే సమయానికి రేకుల షెడ్డు కింద అతను తూటాలు అందిస్తూ ఉంటాడని మాత్రం గుర్తొచ్చింది. రెండు రోజులు అలా గడిచాయి. మా గదిలో ఉండే మలయాళీ నర్సు ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను.

మూడో రోజు పెద్దాయనకు ఫోన్ చేసి, మళ్లీ పరీక్ష చెయ్యాలి, మీరు కూడా రండి అన్నాను.

ఈసారి పెద్దాయన్ను గాజు పలక దగ్గర నా పక్కన కూర్చోబెట్టాను. అతన్ని గదిలో గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాను. ఎడమ చెవికి కూత పంపాను. చిన్నది, పెద్దది, ఇంకా పెద్దది. అతని వీపు మాత్రమే కనిపిస్తోంది, కదలడం లేదు. పెద్దాయన దీపం వంక చూస్తూ, "మిషను పాడైందా?" అన్నాడు. ఇంకో జత హెడ్‌ఫోన్లు తీసి ఆయన చెవికి పెట్టి అదే కూత పంపాను. చటుక్కున లాగేశాడు.

"మొదటిసారి వేరుగా వచ్చింది కదా?"

"మొదటిసారి కూడా ఇంతే. నా చెయ్యి చూసి నొక్కాడు. నేను తెలిసీ ఊరుకున్నాను. చెబితే మీరు పంపించేస్తారని భయపడ్డాడు."

ఆయన ముఖం ఎర్రబడింది. "నేను పంపించేస్తానని ఎవరన్నారు?" అని గట్టిగా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "వాడు కూర్చున్నది నా పక్కన. నా తుపాకీ" అన్నాడు.

అప్పుడు పార్శిల్ సంగతి చెప్పాను. ఆయన వరండాలోకి వెళ్లి కొడుక్కి ఫోన్ చేశాడు. అరబీలో వేసిన కేకలకు రిసెప్షన్‌లో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. గదిలోంచి బయటికొచ్చిన అతను నా ముఖం చూసి, "చెప్పినవా చెల్లె?" అన్నాడు. తలూపాను. అతను కుర్చీలో కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఆర్డరు ఆపడానికి వీల్లేకపోయింది. అప్పటికే బయల్దేరిపోయింది. పెద్దాయన కొడుకు చెయ్యి పట్టుకుని స్టేషన్‌కు తీసుకెళ్లి, ఇదీ జరిగింది, ఇది నా కొడుకు పని, ఆ కూలీకి సంబంధం లేదు అని చెప్పాడట. ఒమానీ తండ్రి అంత పని చేస్తాడని నేను అనుకోలేదు. కానీ పార్శిల్ మీద పేరు కూలీదే. అతన్ని పిలిపించారు. స్టేట్‌మెంటు తీసుకున్నారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, గట్టిగా కూడా మాట్లాడలేదు. కాకపోతే విచారణ అయ్యేవరకు దేశం విడిచి వెళ్లడానికి వీల్లేదన్నారు.

ఇంటికి పంపించేస్తారని భయపడ్డ మనిషి ఇంటికి వెళ్లలేక ఇరుక్కుపోయాడు. ఆ ఏడాది రావలసిన సెలవు పోయింది. తీసిన టికెట్ పోయింది. పెద్దాయన తుపాకులను కూడా స్టేషన్‌లో పెట్టించుకున్నారు. తోటలో శుక్రవారాలు ఎవరూ రావడం మానేశారు. అతను మేకలకు గడ్డి వేస్తూ, వారానికోసారి స్టేషన్‌లో కనపడుతూ ఏడు నెలలు గడిపాడు. వాళ్లు అరబీలో అడుగుతారు, దుబాసీ హిందీలో చెప్తాడు, ఇతనికి సగం వినపడదు. సగమే విని తలూపుతున్నాడని తెలిసి నేనే ఫోన్ చేశాను.

"తెల్వనిదానికి తలూపొద్దన్నా. కుడి చెవి వైపు వచ్చి మాట్లాడమని అడగండి."

"పోలీసోల్లను అట్ల అడుగుతరా చెల్లె?"

"అడగండి. తప్పు కాదు."

అడిగాడట. ఆ అధికారి లేచి, కుర్చీ ఇటు జరుపుకుని కూర్చున్నాడట. ఆ సంగతి చెప్పడానికే ఆ రోజు నాకు ఫోన్ చేశాడు.

నా సంగతి మా డాక్టరు వరకు వెళ్లింది. పెద్దాయన ఫిర్యాదు చేయలేదు, రెండు చార్టులు పక్కపక్కన ఉండటంతో డాక్టరే చూశాడు. పిలిచి అడిగాడు. ఒప్పుకున్నాను. తన సంతకం కూడా ఉంది కాబట్టి పైకి పంపలేదు. నా ఫైల్లో హెచ్చరిక కాగితం పెట్టి, నన్ను ఇంజెక్షన్ల గదికి మార్చాడు. వేరే చోట పని చూసుకుందామంటే ఆ కాగితం గురించి అడుగుతారు. కాంట్రాక్టు అప్పటికి ఇంకా రెండేళ్లు ఉంది. పొద్దున ఏడుకు వెళ్తాను, సూదులు వేస్తాను, వస్తాను.

చివరికి అతని మీద ఏమీ లేదని తేల్చి వదిలేశారు. కొడుకు మీద కేసు నడిచింది. అది ఎలా ముగిసిందో నేను అడగలేదు, పెద్దాయన చెప్పలేదు. పనిలో ఉండమని పెద్దాయన అతన్ని బతిమాలాడట. అతను ఉండనన్నాడు. ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారిలో క్లినిక్ దగ్గర కారు ఆపించి, ఖర్జూరం డబ్బా ఒకటి నా చేతికిచ్చాడు. నన్ను క్షమించమని అడిగాను. కారు ఇంజను చప్పుడులో అతనికి వినపడలేదు. మళ్లీ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు అప్పుడప్పుడూ వీడియో కాల్ చేస్తాడు. జగిత్యాలలో చెవి మిషన్ కోసం తిరుగుతున్నాడట. నేను మాట్లాడేది అతనికి సరిగా అందదు. పక్కనే భార్య కూర్చుని, చేతిలో బీడీ ఆకు కత్తిరిస్తూనే నా మాటలన్నీ అతని కుడి చెవిలో గట్టిగా మళ్లీ చెబుతుంది.

"ఎప్పుడొస్తవని అడుగుతుండు" అంటుంది నాతో.

"ఇంకో పధ్నాలుగు నెలలు ఉందని చెప్పమ్మా" అంటాను. ఆమె చెబుతుంది. అతను విని, ఫోన్లోంచి నా వంక చూస్తూ తలూపుతాడు.