తుపాకి లేనివాడిదే పొయ్యి

బెర్నడీన్ అత్త పొద్దున్న నాలుగింటికి లేస్తుంది. ఊళ్ళో బడి వంటింట్లో మూడొందల మంది పిల్లలకి వండి వడ్డించే పని ఆమెది. ముప్ఫై ఏళ్ళుగా అదే గరిటె, అదే నిలబడటం. ఇప్పుడామెకి అరవై దాటాయి. సాయంత్రం మా ఇంటిముందు నుంచి నడిచి వెళ్తుంటే ఆ కాళ్ళ వాపు కిటికీలోంచే కనబడుతుంది. నేను పాలలారీ నడుపుతాను, అలసట అంటే ఏమిటో నాకూ తెలుసు. కానీ నా అలసటకి ఆదివారం ఉంది. ఆమెదానికి అదీ లేదు.

ఆమె నాకు చిన్నత్తగారు. మా మామగారు ఎమిల్ హుడాక్ తమ్ముడు వాసిల్‌ని చేసుకుంది. హుడాక్‌ల ఇంట్లో పెళ్ళి చేసుకున్నవాళ్ళు మొగుడితోపాటు కొండమీది క్యాంపుని కూడా చేసుకున్నట్టే. క్యాంపంటే పెద్దదేం కాదు. చెక్కతో కట్టిన ఒక్క గది, నాలుగు మంచాలు, ఒక పొయ్యి. నవంబరు ఆఖరులో జింకల వేట మొదలయ్యే రోజుకి అందరం అక్కడికి చేరతాం. పెన్సిల్వేనియాలో మా జిల్లా మొత్తానికి అది పండగ. బడికి సెలవు, గనికి సెలవు, చర్చిలో ప్రార్థన కూడా పొట్టిగా ముగిస్తారు.

క్యాంపు తలుపుమీద ఎమిల్ మామ తండ్రి చెక్కిన పలక ఒకటి ఉంటుంది. “తుపాకి లేనివాడిదే పొయ్యి” అని. ఎవరి తుపాకి వాళ్ళకుండాలి, అరువు తెచ్చుకున్నది లెక్కలోకి రాదు. లేనివాడు ఆ మూడు రోజులూ మిగతావాళ్ళకి వండిపెట్టాలి. మగపిల్లలు తుపాకి కొనుక్కునేదాకా తలా ఒక ఏడు వండి తప్పుకున్నారు. ఆ తర్వాత వాసిల్ పెళ్ళాన్ని వెంట తెచ్చాడు. ఆమెకి తుపాకి లేదు. ఇంక ఆ పొయ్యి ఎవరిదో ఎవరూ మళ్ళీ అడగలేదు.

వాసిల్ పోయాక అతని తుపాకి ఇంటి ఆనవాయితీ ప్రకారం ఎమిల్ మామ కొడుకు గ్రెగ్‌కి వెళ్ళింది. మగవాడి తుపాకి మగవాడికి. అత్త ఏమీ అనలేదు. అంత్యక్రియలకి వచ్చినవాళ్ళందరికీ వండిన గిన్నెలు తోముకుంటూ ఉంది, అనడానికి తీరిక కూడా లేదు.

కిందటేడు వేట ముందురోజు సాయంత్రం ఆమె కంచాలు తుడుస్తూ, “రేపు నేనూ కొండెక్కనా?” అంది.

గ్రెగ్ నవ్వాడు. “ఏ తుపాకితో పిన్నీ? అట్లకాడతోనా?”

అందరం నవ్వాం. ఎమిల్ మామ పలకవైపు గడ్డంతో చూపించి, “నాన్న మాట, అమ్మాయ్. నేను మార్చేదేముంది?” అన్నాడు. అత్త కూడా కాస్త నవ్వి మిగతా కంచాలు తుడిచింది.

వసంతం వచ్చాక ఒకరోజు నా గ్యారేజీకి వచ్చి, బోర్లించిన పాల పెట్టెమీద కూర్చుంది.

“అల్లుడూ, నేనో తుపాకి చేసుకుందామనుకుంటున్నా.”

“కొనుక్కుంటావా?”

“కొనుక్కోను, చేసుకుంటా. ముక్కలు కొని, నీ బల్లమీద బిగించుకుంటా. ఈ రోజుల్లో అందరూ చేసుకుంటున్నారుగా.”

నాకు ఒళ్ళు మండింది. చెయ్యి తిరిగినవాళ్ళు సరదాకి చేసుకుంటారు, మొదటిసారి చేసేవాళ్ళు డబ్బు తగలేసుకుంటారు. ఆ మాటే చెప్పాను. ఆమెలాంటి ఎడమచేతివాటం వాళ్ళకి రెడీమేడ్ తుపాకి ఆరొందల డాలర్లకే వస్తుందనీ, రేపే వెళ్ళి తెచ్చుకుందామనీ అన్నాను.

“చూసొచ్చాలే. అన్నీ ఆరడుగుల మగాళ్ళకి చేసినవే. భుజానికి ఆనిస్తే నా చెయ్యి ట్రిగ్గర్‌దాకా పోదు. బళ్ళో ఏప్రన్ నా కొలతది కాదు. వాసిల్ అమ్మ ఇచ్చిన పెళ్ళిగౌను నా కొలతది కాదు. ఈ ఒక్కటీ నా కొలతకుండాలి. ఈసారి వేట మొదటిరోజు నేను వండను, అల్లుడూ. ఒక్కరోజు. అంతే.”

ఆ ఒక్కరోజు కోసమే ఇదంతా. జింకమీద ఆమెకి పెద్ద ఆశ లేదని నాకప్పుడే అర్థమైంది.

మూడొందల మందికి సరుకులు వేసే మనిషి కదా, లెక్కంతా నోటిమీదే చెప్పింది. తూటాని లోపలికి తోసే బోల్టు ఉండే నడిమిభాగం, పాతది, ఎడమచేతిది నాలుగొందల యాభై. గొట్టం మూడొందల యాభై. భుజానికి ఆనించుకునే కొయ్య, తన కొలతకి కోయించింది, రెండొందలు. గురిచూసే స్కోపుకీ, దాన్ని పట్టి ఉంచే రింగులకీ కలిపి రెండొందలు. మొత్తం పన్నెండొందలు.

“పనిముట్లో? తూటాలో? దుకాణంవాడి రుసుమో?” అన్నాను.

“అవి పులుసులో నీళ్ళలాంటివి, చూసుకుందాం.”

“పన్నెండొందలూ ఎక్కణ్ణుంచి తెస్తావ్?”

“అక్రోటు చుట్టలు.”

అక్రోటు పొడి పరిచి చాపలా చుట్టి కాల్చే తీపిరొట్టె అది. మా చర్చివాళ్ళకి పండగకీ పెళ్ళికీ అది లేకపోతే జరగదు. చుట్ట పదిహేను డాలర్లు, ఖర్చులు పోను ఎనిమిది మిగులుతుంది. జూన్ నుంచి ప్రతి శనివారం చుట్టలు కాల్చింది. ఎండాకాలం, కిటికీలన్నీ తెరిచి పెట్టినా ఆ వంటిల్లు కొలిమే. బడికి సెలవులు, మనిషికి లేవు. ఒకసారి చుట్టలు తేవడానికి వెళ్తే చెక్కబల్లమీద రెండు మోచేతులూ ఆనించి నిలబడే కళ్ళు మూసుకుని ఉంది.

“వండకుండా ఉండటానికి ఇంత వండుతున్నావేంటత్తా?” అన్నాను.

“నోర్మూసుకుని ఆ పళ్ళెం పట్టుకో,” అంది, కళ్ళు తెరవకుండానే.

నడిమిభాగం ఆగస్టులో దొరికింది. తుపాకుల దుకాణంలో కాగితాలమీద సంతకం చేస్తుంటే, గల్లావాడు “మనవడికా అమ్మా?” అని అడిగాడు. “నాకే,” అంది. వాడు నావైపు చూశాడు. నేను పైకప్పువైపు చూశాను. గొట్టం సెప్టెంబరులో వచ్చింది. అక్టోబరులో కొయ్య వచ్చింది.

పెట్టె విప్పింది నేనే. నల్ల అక్రోటు కర్ర, అందంగా ఉంది, భుజానికి ఆనే మడమ ఆమె చేతికి సరిపడా పొట్టిగా కోశారు. నడిమిభాగాన్ని అందులో కూర్చోబెట్టబోతే కూర్చోలేదు. బోల్టు పిడి కోసం తవ్విన గాడి అవతలి పక్కనుంది.

“అత్తా, ఫోన్లో ఈ కొయ్య కోసేవాడికేం చెప్పావు?”

“నా కొలతలు చెప్పా.”

“చెయ్యి అడగలేదా?”

అడిగాడంది. ఏ చెయ్యమ్మా మీది అన్నాడట. అక్కడితో ఆగిపోయింది.

“కుడి అన్నాను అల్లుడూ.”

“నువ్వు పుట్టు ఎడమచేతిదానివి కదే!” అని అరిచాను. పెద్దావిడని ‘కదే’ అన్నందుకు తర్వాత సిగ్గుపడ్డాను గానీ, అప్పుడు మటుకు అరిచాను.

గనుల ఊళ్ళో చర్చి బడిలో చదువుకుంది ఆమె. ఎడమచేత్తో రాస్తే సైతాను రాత అని సిస్టర్లు బద్దతో వేళ్ళమీద కొట్టేవాళ్ళు. ఎడమచేతిని కుర్చీ వెనక్కి కట్టేసేవాళ్ళు. రోజూ పొద్దున్న పిల్లల్ని నిలబెట్టి, ఏ చెయ్యి అని అడిగేవాళ్ళు. కుడి అనాలి. మా చర్చిలో ఆ ఈడు ఎడమచేతివాళ్ళు ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళూ ఇంతే. పెద్దమనిషెవరైనా గంభీరంగా ఏ చెయ్యి అని అడిగితే చాలు, ప్రాణం పోయినా కుడే అంటారు.

“ఫోన్లో అతని గొంతు పెద్దగా ఉందిరా,” అంది. ముందు నవ్వొచ్చింది ఆమెకి. తర్వాత ఆ నవ్వు సగంలో ఆగిపోయి, పాల పెట్టెమీద కూలబడింది. కొలతకి కోసిన కొయ్య వాపసు తీసుకోరు. ఇంకో రెండొందలు. అంటే ఇంకో పాతిక చుట్టలు.

“చాల్లే, అల్లుడూ. నాకింక ఓపిక లేదు. ఇది అమ్మిపెట్టు. పోయిన జన్మలో ఆ పొయ్యికేదో బాకీ పడుంటాను.”

ఆ రెండొందలూ నేనిస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది. “నీ డబ్బు కలిస్తే సగం తుపాకి నీదవుతుంది. ఎమిల్ బావగారు సగం తుపాకికి సగం వంట చెయ్యమంటారు. ఆయన సంగతి నీకు తెలీదూ!”

వారం రోజులు గ్యారేజీవైపు రాలేదు. పోనీలే, పీడా విరగడైందని నేను పైకి అన్నాను. లోపల మటుకు ఆ అందమైన పనికిరాని కొయ్యని చూడలేక దానిమీద గోనెపట్టా కప్పేశాను. ఎనిమిదో రోజు చేతులకి పిండి అంటుకుని ఉండగానే వచ్చింది. పాతిక చుట్టలకి ఆర్డరు తీసుకున్నానంది. “ఫోను నువ్వు చెయ్యకు. నేనే చేస్తా. నువ్వు పక్కన నిలబడు చాలు.”

అవతలివాడు ఏ చెయ్యి అని అడిగినట్టున్నాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. “ఎడమ!” అని గ్యారేజీ అదిరిపోయేలా అరిచింది. వీధిలో కుక్క మొరిగింది.

కొత్త కొయ్య వేటకి వారం ముందర వచ్చింది. బిగించింది ఆమే, మరలు అందించింది నేను. దుకాణంలో తుపాకులు బాగుచేసే ఆయన కొలత పరికరాలతో పరీక్షచేసి బాగానే ఉందన్నాడు, ఊరికే అనకుండా అరవై డాలర్లు తీసుకుని అన్నాడు. పులుసులో నీళ్ళు ఒకటొకటిగా కలిసి, లెక్క పదహారొందలకి తేలింది. రాళ్ళక్వారీలో గురి సరిచూసుకుంటే తూటాలు అనుకున్నచోటే పడ్డాయి. తుపాకి దించి, “భుజం నొప్పెట్టలేదు,” అంది ఆశ్చర్యంగా.

వేట ముందురోజు క్యాంపులో ఎమిల్ మామ ఆ తుపాకిని రెండు చేతుల్లోకీ తీసుకుని తిప్పి చూశాడు. బోల్టు తీశాడు, వేశాడు.

“ఎవరిదిది?”

“నాదే బావగారూ.”

“మంచి పని,” అని తిరిగిచ్చాడు.

మర్నాడు తెల్లవారుజామున అందరం అలవాటుగా కాఫీ వాసన కోసం లేచాం. వాసన లేదు. పొయ్యి చల్లగా ఉంది. అత్త బూట్లు బిగించుకుని బెంచీమీద కూర్చుని ఉంది, తుపాకి ఒళ్ళో పెట్టుకుని. మేం ముగ్గురం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. అందరికీ తుపాకులున్నాయి. పొయ్యి ఎవరిదో పలకలో లేదు. చివరికి ఎండురొట్టె నములుతూ చీకట్లో కొండెక్కాం.

మధ్యాహ్నానికి గ్రెగ్ ఒక జింకని కొట్టాడు. పొద్దువాలే వేళకి మేం ముగ్గురం క్యాంపు చేరాం, అత్త రాలేదు. ఆమెకి పంచిన చోటు వాగు పక్కన హెమ్లాకు చెట్ల కింద. అరవై దాటిన మనిషి, మంచు, వాపు కాళ్ళు. పరిగెత్తాను.

చెట్టు మొదట్లో కూర్చుని, కోటు మెడదాకా లాక్కుని, నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది. తుపాకిలోంచి తూటాలు తీసి జేబులో వేసుకుని, దాన్ని పక్కన జాగ్రత్తగా ఆనించిపెట్టింది. ఆమె ముందునుంచే ఒక జింక నడిచి వెళ్ళినట్టు మంచులో అడుగులున్నాయి. ఆమె మొహం అంత నిశ్చింతగా నేనెప్పుడూ చూడలేదు. లేపాలంటే నాకు ఏడుపొచ్చింది.

“అత్తా, చీకటి పడుతోంది.”

కళ్ళు తెరిచి అడుగులు చూసింది. “వచ్చిందా?”

“వచ్చి వెళ్ళింది.”

“పోనీ. దానికీ పనులుంటాయి.”

క్యాంపులో ఎమిల్ మామ, గ్రెగ్ చల్లారిన పొయ్యి చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆకలి మొహాలు. మేం లోపలికి రాగానే ఇద్దరూ ఆమె చేతులవైపే చూశారు, ఎన్నేళ్ళ అలవాటో అది.

“ఏమైనా పడిందా అమ్మాయ్?” అన్నాడు ఎమిల్ మామ.

“నిద్ర పట్టింది బావగారూ,” అని, వెళ్ళి బెంచీమీద కూర్చుంది.

ఎవరూ కదల్లేదు. గ్రెగ్ బూట్లవైపు చూసుకుంటున్నాడు. నేను లేవబోతే ఎమిల్ మామ చెయ్యి అడ్డం పెట్టాడు. డెబ్భై నాలుగేళ్ళ మోకాళ్ళమీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. తన తుపాకి సంచీలో పెట్టి జిప్పు లాగాడు. “ఇవాళ్టికి నాకు తుపాకి లేదు,” అని పొయ్యి వెలిగించాడు.

గుడ్లు మాడాయి. వెల్లుల్లి సాసేజ్ ఒక పక్క నల్లగా, ఒక పక్క పచ్చిగా ఉంది. అయినా ముందు ఆమె కంచంలోనే వడ్డించాడు. ఆయన గరిటె వంచినప్పుడు ఆమె చేతులు రెండుసార్లు దాన్ని అందుకోవడానికి లేచాయి. మూడోసారి లేవకుండా వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఆయన వడ్డించి పక్కకి తప్పుకున్నాక ఒక చెయ్యి బయటికి తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఎడమచేత్తోనే తింది.

“ఎలా ఉంది?” అన్నాడు ఎమిల్ మామ.

“ఈ గుడ్లు నాకు పదహారొందల డాలర్లు పడ్డాయి బావగారూ. కాస్త ఉప్పు తెండి.”

ఆయన ఉప్పు వెతకడానికి వెళ్ళాడు. డబ్బా ఎక్కడుంటుందో మా ఎవరికీ తెలీదు.